మాట ఏ వైపున ఉంది?
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య విషయం మీద అరగంట మాట్లాడమని కార్యదర్శి గారు ఆదేశించారు. బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడానికి డాక్టర్లున్నారు. నేను డాక్టరును కాను. ఒక బోధనాసుపత్రి నరాల విభాగంలో 31 ఏళ్ళు ఈ.ఈ.జీ. టెక్నీషియనుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. తలకు నూనె రాసుకోకుండా తలంటుకుని రమ్మని పేషెంట్లకు చెప్పడం, వాళ్ళు నూనె రాసుకునే రావడం, నేను దూదితో తుడిచి, పేస్టు పెట్టి, తీగలు అతికించడం, యంత్రం మీద సిరా కలాలు కదులుతుంటే కాగితం చూస్తూ కూర్చోవడం, ఇదీ నా ఉద్యోగం. అందుచేత నాకు దగ్గరగా తెలిసిన ఒక్క సంగతే ఇవాళ మనవి చేస్తాను. మెదడులో సగభాగాన్ని మాత్రమే కొద్ది నిమిషాలు నిద్రపుచ్చి, మనిషికి మాట ఏ వైపున ఉందో కనిపెట్టే పరీక్ష అది. దాన్ని వాడా పరీక్ష అంటారు. కనిపెట్టినాయన పేరు జున్ వాడా. మా సీనియరు గారు మొదటిసారి ఆ పేరు చెప్పినప్పుడు "వాడా, ఎవడు?" అన్నాను. ఆ రోజంతా విభాగంలో అందరూ నవ్వారు.

ముందు మందు సంగతి. బార్బిట్యురేట్లు అంటే మీరు ఎరగమంటారేమో గాని, గార్డినాల్ అంటే ఎరగని ఇల్లు తక్కువ. మూర్ఛకు వాడే ఆ చిన్న తెల్ల బిళ్ళ ఫినోబార్బిటాల్. 1864లో జర్మనీలో ఆడాల్ఫ్ ఫన్ బేయర్ బార్బిట్యూరిక్ ఆమ్లం తయారుచేశాడు. దానికదిగా అది ఎవరినీ నిద్రపుచ్చదు. 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫన్ మెరింగ్ అనే ఇద్దరు దానికి కొంత మార్పు చేసి వెరొనాల్ అనే నిద్రమందు తెచ్చారు. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది. నిద్ర కోసమని ఇచ్చిన ఆ మందుతో మూర్ఛ రోగులకు ఫిట్స్ తగ్గుతున్నాయని హౌప్ట్‌మన్ అనే యువ వైద్యుడు అదే సంవత్సరం గమనించాడు. తరువాత 1920లలో అమిటాల్, 1930లలో పెంటథాల్ వచ్చాయి. అంతా ఒకే కుటుంబం. పెంటథాల్ పది నిమిషాలలో వదిలేస్తుంది, గార్డినాల్ రోజుల తరబడి ఒంట్లో ఉంటుంది, అమిటాల్ నడిమిది.

ఈ కుటుంబానికి ఒక చెడ్డ గుణం ఉంది. నిద్ర పట్టించే మోతాదుకూ, ఊపిరి ఆపేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. సినిమా నటి మార్లిన్ మన్రో 1962లో చనిపోయింది ఈ రకం బిళ్ళలు ఎక్కువై. 1960ల నుంచి వేలియం వంటివి రావడంతో నిద్రకోసం వీటిని వాడడం క్రమంగా తగ్గిపోయింది.

ఇక మాట సంగతి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే వైద్యుడి దగ్గరికి ఒక రోగి వచ్చాడు. ఏం అడిగినా "టాన్" అనే ఒక్క శబ్దమే అనేవాడు. ఎదుటివాళ్ళు చెప్పింది మాత్రం అర్థమయ్యేది. అతను చనిపోయాక మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగం చెడిపోయి ఉంది. అలాంటి మరికొందరిని చూసి, మనం మాట్లాడేది ఎడమ మెదడుతోనని బ్రోకా ప్రకటించాడు. కుడిచేతిని నడిపేదీ ఎడమ మెదడే. దాంతో, కుడిచేతివాటం వాళ్ళకు మాట ఎడమవైపు ఉంటే, పుర్రచేతివాటం వాళ్ళకు కుడివైపు ఉండాలి కదా అని లోకం లెక్క కట్టేసింది. చూడడానికి ముచ్చటైన లెక్క. దాదాపు వందేళ్ళు నడిచింది. అది తప్పు.

ఆ తప్పు ఎవరికి ముప్పు? మందులకు లొంగని మూర్ఛ కొందరికి ఉంటుంది. ఫిట్స్ పుట్టే చోటు మెదడులో ఒకే దగ్గర ఉంటే, ఆ ముక్కను కోసి తీసేస్తే నయమయ్యే అవకాశం ఉంది. చాలామందిలో అది కణతల లోపలి భాగం. కాని ఆ పక్కనే మాట ఉంటే? ఫిట్స్ పోయి, దాంతోపాటు భార్యను పేరు పెట్టి పిలిచే శక్తి కూడా పోతే? కెనడాలోని మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ గారు రోగిని మెలకువగానే ఉంచి, తెరిచిన మెదడు మీద సన్నని విద్యుత్తు తాకిస్తూ, ఎక్కడ తాకితే మాట ఆగుతుందో చూసుకుని కోసేవారు. గొప్ప పద్ధతే గాని, పుర్రె తెరిచాక గాని సంగతి తెలియదు.

ఆ పెన్‌ఫీల్డ్ గారి దగ్గర పనిచేసి వచ్చిన మనవాడొకాయన ఉన్నారు, డాక్టర్ జేకబ్ చాందీ. 1949లో రాయవేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలో మన దేశపు మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగం పెట్టింది ఆయనే. మన నెల్లూరు, చిత్తూరు జిల్లాల వాళ్ళు తలకు సంబంధించిన జబ్బు అనగానే రాయవేలూరు రైలెక్కడం అప్పటినుంచి వచ్చిన అలవాటే.

సరిగ్గా ఆ 1949లోనే జపానులో, యుద్ధంలో ఓడి చితికిన దేశంలో, సప్పోరో నగరంలో వాడా అనే పాతికేళ్ళ వైద్యుడు జపాను భాషలో ఒక చిన్న వ్యాసం అచ్చువేశాడు. ఆయన మొదట వెతికింది మాట స్థానం కాదు. మానసిక రోగులకు కరెంటు షాకు ఇచ్చినప్పుడు వచ్చే ఫిట్స్ మెదడంతా పాకుతున్నాయి. మాట ఉన్న సగాన్ని ఆ కాసేపు నిద్రపుచ్చితే ఆ వైపుకు హాని తగ్గుతుందేమోనని ఆయన ఆలోచన. దానికి ముందు మాట ఏ వైపున ఉందో తెలియాలి. అందుకు మెడలో కొట్టుకునే కెరోటిడ్ ధమనిలోకి అమిటాల్ ఎక్కించి చూశాడు. కుడి ధమని చాలావరకు కుడి మెదడుకే, ఎడమది ఎడమ మెదడుకే రక్తం పంపుతుంది. అందుచేత మందు కూడా ఆ సగానికే చేరుతుంది. ఆ సగం నిద్రపోతుంది, మిగతా సగం మేలుకుని ఉంటుంది. నిద్రపోయింది మాట ఉన్న వైపయితే మనిషి చటుక్కున మూగవాడవుతాడు. కొద్ది నిమిషాల్లో మందు కొట్టుకుపోయి మాట తిరిగి వస్తుంది.

ఎంత తేలికైన ఊహో చూడండి. ఖరీదైన యంత్రం లేదు, అప్పటికే అల్మారాలో ఉన్న నిద్రమందు! 1950ల మధ్యలో వాడా మాంట్రియల్ చేరాడు. అక్కడ రాస్‌ముస్సెన్ అనే సర్జనుతో కలిసి ముందు కోతుల మీద, తరువాత రోగుల మీద చేసి 1960లో ఇంగ్లీషులో ప్రచురించాక గాని లోకం కన్ను తెరవలేదు.

అక్కడే బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పరీక్షకు జ్ఞాపకశక్తిని కూడా జోడించారు. దానికో విషాద కారణం ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ళ యువకుడికి మూర్ఛ కోసం రెండువైపులా కణతల లోపలి భాగాలు తీసేశారు. ఫిట్స్ తగ్గాయి. కాని ఆ తరువాత కొత్త సంగతి ఏదీ అతని మనసులో నిలవలేదు. 2008లో పోయేదాకా, ఎన్నోసార్లు కలిసిన మిల్నర్ గారిని కూడా ప్రతిసారీ కొత్త మనిషిగానే చూశాడు. రెండోవైపు అప్పటికే చెడి ఉంటే ఒకవైపు తీసినా అదే గతి పట్టవచ్చు. అందుకని సగం మెదడు నిద్రలో ఉండగా కొన్ని వస్తువులు చూపించి, మందు దిగిపోయాక "ఇందాక ఏం చూపించాం?" అని అడగడం మొదలుపెట్టారు. జవాబు చెబితే, మేలుకుని ఉన్న సగం ఒంటరిగా జ్ఞాపకాన్ని మోయగలదని అర్థం.

చేతివాటం లెక్క ఏమైందంటారా? 1977లో రాస్‌ముస్సెన్, మిల్నర్ ఇచ్చిన అంకెలు ఇవి. కుడిచేతివాటం వాళ్ళలో నూటికి 96 మందికి మాట ఎడమవైపే, 4గురికి కుడివైపు. ఎడమచేతివాటం వాళ్ళలోనూ 70 మందికి ఎడమవైపే! 15 మందికి కుడివైపు, 15 మందికి రెండువైపులా. అంటే చేతిని చూసి మాటను చెప్పలేం.

ఇంతవరకు పుస్తకాల సంగతి. ఇక నేను కళ్ళారా చూసింది చెబుతాను. 2001లో మా అక్కయ్య మనవడికి పొరుగు రాష్ట్రంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఈ పరీక్ష జరిగింది. అప్పటికి వాడికి 23 ఏళ్ళు. తొమ్మిదో ఏట మొదలైన ఫిట్స్. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, తాయెత్తులు, అన్నీ అయ్యాయి. తరువాత గార్డినాల్, ఆ తరువాత మరో మూడు మందులు. అయినా నెలకు నాలుగైదుసార్లు వచ్చేవి. మా మేనకోడలు వాణ్ణి స్నానానికి పంపినా తలుపు గడియ పెట్టుకోనిచ్చేది కాదు. ఫిట్స్ కుడి కణత నుంచి వస్తున్నాయని అక్కడి ఈ.ఈ.జీ., స్కానింగు తేల్చాయి. "కుడివైపయితే మాటకు భయం లేదు కదా మామయ్యా" అని మేనకోడలు సంతోషపడింది. ఆసుపత్రి కాగితంలో కూడా 'రాసే చెయ్యి: కుడి' అనే ఉంది.

అక్కడి మనస్తత్వ నిపుణురాలు ఆ కాగితం పక్కన పెట్టేసింది. "నువ్వు రాయి ఏ చేత్తో విసురుతావు? అగ్గిపుల్ల ఏ చేత్తో గీస్తావు? చీపురు పట్టినప్పుడు ఏ చెయ్యి పైన ఉంటుంది?" అని అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్నలతో ఒక పట్టికే ఉంది. అన్నిటికీ ఎడమచెయ్యే! అప్పుడు తేలింది, వాడు పుట్టుకతో పుర్రచేతివాడు. ఒకటో తరగతిలో మాస్టారు స్కేలుతో కొట్టి కుడిచేత్తో రాయడం నేర్పారు. అన్నం సంగతి చెప్పనే అక్కర్లేదు, మన ఇళ్ళల్లో పుర్రచేత్తో ముద్ద పెట్టుకోనిచ్చే తల్లి ఎక్కడుంది? ఆ పట్టికలో చెంచా ఏ చేత్తో పట్టుకుంటావనే ప్రశ్న కూడా ఉంది గాని, మన దేశంలో ఆ జవాబును లెక్కలోకి తీసుకుంటే మోసపోతామని ఆవిడే నవ్వుతూ చెప్పింది.

పరీక్ష మాతృభాషలోనే చేయాలి. అక్కడివాళ్ళెవరికీ తెలుగు రాదు. నేను ఈ శాఖవాణ్ణేనని తెలిసి, గదిలో ఉండి తెలుగులో అడగడానికి నన్ను అనుమతించారు. ఆవిడ ముందు రోజే నాకు గట్టిగా చెప్పింది: "మీరు గొంతు మాత్రమే. అందించకూడదు, సైగ చేయకూడదు, సరే అని తల కూడా ఊపకూడదు." చూపించవలసిన వస్తువులు మేమిద్దరం కలిసి ఎంచాం. తాళంచెవి, దువ్వెన, చెంబు, గొడుగు, ఇలాంటివి. ఇంగ్లీషు మాట తోసుకొచ్చే వస్తువులు వద్దంది.

తొడ దగ్గర ధమనిలోంచి సన్నని గొట్టం పోనిచ్చి మెడదాకా తెచ్చారు. ముందు రంగుమందు ఎక్కించి ఎక్స్‌రేలో రక్తం దారి చూసుకున్నారు. వాణ్ణి రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడిస్తూ గట్టిగా లెక్కపెట్టమన్నారు. కోయబోయేది కుడివైపు కాబట్టి ముందు కుడివైపు మందు. "ఒకటి, రెండు, మూడు..." తొమ్మిది అనేసరికి ఎడమచెయ్యి చచ్చుబడి పక్క మీద పడింది. మాట కూడా ఆగిపోయింది. ఈ.ఈ.జీ.లో కుడివైపు గీతలన్నీ పెద్ద పెద్ద అలలయ్యాయి. అటు సగం నిద్రపోయిందన్నమాట. ఎడమవైపు మామూలుగానే ఉంది. కొందరు మందు తగలగానే ఉలికిపడి క్షణం ఆగుతారు, అది లెక్కలోకి రాదు. ఆవిడ కొంచెంసేపు ఆగి తాళంచెవి చూపించింది. "ఇదేమిటిరా నాన్నా?" అన్నాను. వాడు దానివంక చూశాడు. కుడిచెయ్యి సాచి గాలిలో తాళం తిప్పినట్టు తిప్పాడు. అంటే అదేమిటో తెలుసు. పేరు రాలేదు. పెదవులు కదిలాయి గాని పలుకు లేదు. ఏ తాళాలు ఫిట్స్ వచ్చినప్పుడల్లా వాడి గుప్పిట్లో పెట్టామో ఆ తాళం పేరు! నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను, నా మొహంలో ఏమైనా తెలిసిపోతుందేమోనని. మూడు నాలుగు నిమిషాలకు "తా... తాళం" అన్నాడు.

ముప్పావుగంట ఆగి ఎడమవైపు ఎక్కించారు. ఈసారి కుడిచెయ్యి పడిపోయింది. లెక్క ఒక్క క్షణం తడబడి మళ్ళీ సాగింది. నాలుక మందంగా ఉంది, "పదకొండు" అనేది "పతకొంతు" అన్నట్టు వినిపించింది. దువ్వెన చూపిస్తే ముద్ద ముద్దగానే అయినా "దువ్వెన" అన్నాడు. ఇక్కడ ఒక తేడా గమనించాలి. నాలుక తిరక్కపోవడం వేరు, మాట దొరక్కపోవడం వేరు. మొదటిది కండరాల బలహీనత. రెండోదే మాట స్థానం చెప్పే సాక్ష్యం.

అంటే వాడికి మాట ముఖ్యంగా కుడివైపున, కత్తి పెట్టాలనుకున్న వైపునే ఉంది. జ్ఞాపకం సంగతి మాత్రం మేలు. కుడివైపు నిద్రలో ఉండగా చూపించినవాటిని తరువాత చాలావరకు గుర్తుపట్టాడు. సర్జను గారు మేనకోడలిని కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పారు: అనుకున్నంత తీయను, ముందు కొసను, లోపలి భాగాన్ని మాత్రమే తీస్తాను, ఫిట్స్ పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేను. ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్న సంతకం పెట్టింది. ఆపరేషను తరువాత వారం రోజులు మాటకోసం తడుముకున్నాడు. తరువాత సర్దుకుంది. ఫిట్స్ పూర్తిగా పోలేదు. ఏడాదికి ఒకటో రెండో వస్తాయి, ఒక్క మందు మీద ఉన్నాడు. సొంతంగా జిరాక్సు షాపు నడుపుతున్నాడు. గడియ పెట్టుకునే స్నానం చేస్తాడు.

ఈ పరీక్ష చెబితే చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. టీవీలో చూపించే నార్కో పరీక్ష ఇదేనా అని. మందు ఆ కుటుంబానిదే, పెంటథాల్. అక్కడ రక్తంలోకి ఎక్కించి మెదడంతా మత్తులో ముంచి నోరు విప్పిస్తామంటారు. మత్తులో చెప్పేదంతా నిజమని శాస్త్రం ఎక్కడా ఒప్పుకోలేదు. మనిషి ఇష్టం లేకుండా అది చేయడం రాజ్యాంగ విరుద్ధమని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది నేరస్థుల సంగతి, ఇది రోగుల సంగతి. పోల్చకండి.

వాడా పరీక్షలోనూ కష్టాలున్నాయి. ధమనిలో గొట్టం పెట్టడం కాబట్టి అరుదుగా పక్షవాతం రావచ్చు. 2000 తరువాత అమిటాల్ దొరకడమే కష్టమై, మాంట్రియల్ వాళ్ళే ఎటొమిడేట్ అనే వేరే మందుకు మారారు. పైగా ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. వచ్చింది. గొట్టం లేదు, సూది లేదు. యంత్రంలో పడుకుని మాటలు తలుచుకుంటుంటే ఏ వైపు రక్తప్రవాహం పెరుగుతుందో బొమ్మలో కనిపిస్తుంది. మాట ఏ వైపుదో తేల్చడానికి చాలామందిలో వాడా బదులు దాన్ని ఎంచుకోవచ్చని 2017లో అమెరికా నరాల వైద్యుల సంస్థ చెప్పింది. బొమ్మ అస్పష్టంగా ఉన్నప్పుడు మాత్రం వాడా పరీక్ష వైపు చూసేవాళ్ళు ఉన్నారు. ఏ భాగం వెలుగుతుందో బొమ్మ చెబుతుంది. ఏ భాగం లేకపోతే మాట ఆగుతుందో నిద్రమందు చెబుతుంది. ఆ రెండూ ఒకటి కావని నా అభిప్రాయం.

ఇక మన వయసువాళ్ళకు పనికొచ్చే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను, కార్యదర్శి గారు ఇప్పటికే రెండుసార్లు గడియారం చూశారు.

పక్షవాతంలో కుడి చెయ్యీ కాలూ పడిపోయి మాట కూడా పోవడం మీరు చూసే ఉంటారు. ఎడమ మెదడుకు రక్తం ఆగడం వల్ల వచ్చేది అది. వాడా పరీక్షలో నాలుగు నిమిషాలుండేది అక్కడ నెలలు, సంవత్సరాలు ఉంటుంది. ఆ మనిషికి బుద్ధి పోలేదు. మా మనవడు గాలిలో తాళం తిప్పినట్టు, లోపల అన్నీ తెలుసు, పేరు రాదు. చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చెవిటివాడితో మాట్లాడినట్టు అరవకండి, ఆయన ఎదుటే ఆయన గురించి ఇంట్లోవాళ్ళను అడగకండి. అవును, కాదు అని తల ఊపితే చాలే ప్రశ్నలు వేయండి. మాట పోయినవాళ్ళలో కొందరు పాత పాట పాడగలరు. భార్యతో మాట్లాడలేనివాడు భజనలో గొంతు కలిపితే నటిస్తున్నాడనుకోకండి. స్పీచ్ థెరపీ తొందరగా మొదలుపెట్టించండి. మూతి వంకర, చేతి పట్టు తప్పడం, మాట తడబడడం, వీటిలో ఏది ఉన్నట్టుండి వచ్చినా తెల్లవారాక చూద్దామనుకోకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటలలోపే పని.

రెండోది గార్డినాల్. మూర్ఛకు వాడుతున్నవాళ్ళు బాగుంది కదా అని ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి విరుచుకుపడతాయి. తగ్గించాలంటే డాక్టరు చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు, గార్డినాల్ కూడా వాడుతున్నామని డాక్టరుకు తప్పక చెప్పండి, దాని బలాన్ని ఇది తగ్గిస్తుంది. ఈ.ఈ.జీ.కి వచ్చినప్పుడు కూడా చెప్పండి. ఆ బిళ్ళ వేసుకున్నవాళ్ళ కాగితం మీద సన్నని వేగపు అలలు పడతాయి. చెప్పకపోయినా నాలాంటివాడు పట్టేస్తాడనుకోండి, అయినా చెప్పడం మంచిది.

 ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.